సున్నా అయితే, మాస్టారూ?

బయటనుంచి గడియ పడిన చప్పుడు వినగానే మాస్టారు అలవాటుకొద్దీ తన కుర్చీని కాస్త కుడివైపుకు జరుపుకున్నారు. జరుపుకున్నాక గానీ ఎడంపక్కన చోటివ్వాల్సిన మనిషి ఇప్పుడు లేదన్న సంగతి గుర్తుకు రాలేదు. మళ్ళీ వెనక్కి జరిగితే ఎదురుగా కూర్చున్న కొత్త టీచరు ఏమనుకుంటుందోనని అలాగే బల్ల మూలకు ఒదిగి ఉండిపోయారు. గది ఏమీ మారలేదు. లోపలి సంగతి బయటికి కనపడకుండా కిటికీ అద్దాలకు అంటించిన గోధుమరంగు కాగితం ఒక అంచున ఊడి ఫ్యాను గాలికి టపటపా కొట్టుకుంటోంది, పోయిన ఏడూ కొట్టుకుంది, ఎవరికీ ఇంత జిగురు పెట్టి అంటిద్దామని తోచలేదు. బల్లమీద టీ ఫ్లాస్కు, మూత పెట్టిన నీళ్ళ గ్లాసులు, చెక్కిన పెన్సిళ్ళు, రబ్బరు. పరీక్షల ఆఫీసు పెద్దావిడ, ప్రశ్నపత్రాల కవర్లకు తన చేత్తోనే లక్క కరిగించి సీలు వేస్తుంది కాబట్టి అందరూ చాటుగా లక్క మేడమ్ అంటారు, ఇందాక ఫోన్లు తీసుకుని ట్రేలో పెడుతూ గొంతు బాగా తగ్గించి, "మీకు కష్టంగా ఉంటే ఈ ఏటికి వదిలేద్దాం మాస్టారూ, ఇంకెవరినైనా చూస్తాను" అంది. ఇన్నేళ్ళలో ఆవిడ గొంతు తగ్గించడం ఆయన వినలేదు. గంటసేపట్లో తలుపు తీస్తాననీ, ప్రెస్సు వాళ్ళు అప్పటికి వస్తారనీ మాత్రం మామూలు గొంతుతోనే చెప్పింది. ఆ మామూలు గొంతు ఎంత హాయిగా ఉందో.

మాస్టారు రాసిన లెక్కల పేపరులో తప్పులు పట్టడానికి కొత్త టీచరు చదువుతోంది. కాగితాన్ని రెండు చేతులతో అంచులు పట్టుకుని, పసిపిల్లను ఎత్తుకున్నంత జాగ్రత్తగా. ఏ ఊరి బడిలో చెబుతుందో లక్క మేడమ్ చెప్పింది గానీ చెవికెక్కలేదు. పెన్సిలు కింది పెదవికి ఆనించి చదువుతోంది, పెదవులు కదలడం లేదు. ఇన్నేళ్ళూ ఆ పని చేసిన ఆయన భార్య అయితే పైకి చదివేది, ప్రతి ప్రశ్నా పైకి, అదీ ఒక మొద్దు పిల్లవాడి గొంతు పెట్టి, అర్థమయీ అర్థంకానట్టు, ఎక్కడ ఆగకూడదో అక్కడ ఆగుతూ. "మీరు రాసింది మీరు చదివితే అంతా అర్థమవుతుంది మాస్టారూ, అది చదవడం కాదు, అద్దం చూసుకోవడం" అనేది. ఇంట్లో మీరు, బడిలో మాస్టారూ, బాగా కోపమొస్తే ఏ పిలుపూ లేకుండా నేరుగా విషయం. ఈసారి ప్రశ్నలు రాసేటప్పుడు ఆయన కూడా ఇంట్లో కూర్చుని పైకి చదువుకోబోయారు. వంటింట్లోంచి అక్క పరిగెత్తుకొచ్చింది, తమ్ముడు ఒంటరిగా మాట్లాడుకుంటున్నాడని. తమ్ముడికి తోడుగా ఉందామని అక్క తన సంసారం వదిలి వచ్చి ఉంటోంది. అక్క ముఖం చూసి ఆయన నోరు మూసుకున్నారు. తక్కిన ప్రశ్నలన్నీ నోరు మూసుకునే రాశారు.

భార్య నోట 'సున్నా అయితే' అన్న మాట మొదటిసారి విన్నది ఎప్పుడు? పెళ్ళికి ముందే. ఒకే బడిలో ఇద్దరూ కొత్తగా చేరిన రోజులు, స్టాఫ్ రూములో ఇద్దరి కుర్చీల మధ్య ఒక పాత గ్లోబు. ఆయన తన తరగతికి పరీక్ష పెట్టడానికి ఒక చిన్న లెక్క రాసుకున్నారు, x² = 7x అయితే x ఎంత అని, పక్కన జవాబు ఏడు అని. రెండు వైపులా ఒక x కొట్టేస్తే ఏడు మిగులుతుంది, అంతే కదా, పిల్లలకు కొట్టేయడం వచ్చో రాదో తెలుసుకోవడానికే ఆ లెక్క. గ్లోబు అవతలనుంచి మెడ చాపి చూసి, ఇంకా పేరైనా సరిగా తెలియని మనిషి, "సున్నా అయితే, మాస్టారూ?" అంది. ఏది సున్నా అయితే? x సున్నా అయితే. సున్నాని సున్నాతో గుణిస్తే సున్నా, ఏడుని సున్నాతో గుణిస్తే సున్నా, రెండు వైపులా సరిపోయింది, మరి అది జవాబు కాదా? "మీరు కొట్టేసింది ఏమిటో చూసుకోకుండానే కొట్టేశారు. సున్నాతో భాగించకూడదని పిల్లలకి చెబుతారు, మీరేమో x ముసుగేసుకుని వస్తే సున్నాని గుర్తుపట్టరు." ఆయనకు చెవులు ఎర్రబడ్డాయి. ఆ సాయంత్రం మిగతా ప్రశ్నలన్నీ వెతుక్కుని, ఇంకో రెండు చోట్ల అదే తప్పు పట్టుకుని, మర్నాడు ఆవిడకు చూపించడానికి బడికి పెందరాళే వెళ్ళారు. ఎవరైనా పూలు పట్టుకెళ్తారు, ఈయన తప్పులు పట్టుకెళ్ళాడు అని తర్వాత జన్మంతా ఎగతాళి చేసింది.

ఆవిడకు అంత పట్టుదల ఎందుకంటే చిన్నప్పుడు ఇలాంటి లెక్కకే రెండు జవాబులు రాసిందట, సున్నా, అయిదు. అయిదుకు మార్కు వేసి సున్నాను ఎర్రసిరాతో కొట్టేశాడట వాళ్ళ లెక్కల సారు. అడిగితే, సున్నా అంటే ఏమీ లేకపోవడం, ఏమీ లేనిది జవాబెలా అవుతుందే అన్నాడట. తిరిగి వాదిస్తే గుమ్మం బయట నిలబెట్టాడట. "నిలబడ్డాను, కానీ రెండు జవాబులతోనే నిలబడ్డాను" అని చెప్పేటప్పుడు ఆవిడ ముఖంలో ఆ చిన్నపిల్ల కనిపించేది, జుట్టు ఎగిరిపోతూ, ఎవరైనా వచ్చి నువ్వే కరెక్టు అంటారేమోనని వరండా చివరిదాకా చూస్తూ. ఎవరూ రాలేదు. అందుకని ఆవిడే వెళ్ళేది, ఆ తర్వాత పరీక్ష రాసిన ప్రతి పిల్లకోసం, ముందుగా, ఈ గదిలోకి. పిల్లలు సున్నా మేడమ్ అని పేరు పెట్టారు. సున్నా మార్కులు వేస్తుందని బయటివాళ్ళు అనుకునేవారు. మొగుడూ పెళ్ళాలే రాసి వాళ్ళే సరిచూసుకుంటే ఎలాగని ఒక ఏడు ఎవరో పైకి ఫిర్యాదు చేస్తే, లక్క మేడమ్, "వాళ్ళిద్దర్నీ ఒక గదిలో పెడితే జరిగేది కుమ్మక్కు కాదండీ, కుస్తీ. నమ్మకపోతే వచ్చి తలుపు దగ్గర నిలబడండి" అని జవాబిచ్చిందట.

"అయింది సార్."

మాస్టారు ఉలిక్కిపడ్డారు. అప్పుడే? కొత్త టీచరు కాగితాలు సర్ది ఆయన వైపు తోసింది. "అన్నీ చూశాను సార్. బాగున్నాయి."

"ఏమీ లేవా?"

"లేవు సార్. చాలా బాగా రాశారు."

ఒక్క క్షణం గర్వంగానే అనిపించింది, అబద్ధమెందుకు. ఒంటరిగా రాశాను, ఒక్క తప్పు లేదు. ఆ వెంటనే, మెట్టు ఉందనుకుని కాలు వేస్తే నేల తగిలినట్టు, లోపల ఏదో జారింది. ఈ గదిలో ఆయన రాసిన పేపరు ఏదీ ఏనాడూ తప్పు లేకుండా బయటపడలేదు. ఎంత జాగ్రత్తగా రాసినా ఎక్కడో ఒక సున్నా నక్కి ఉండేది. కాగితాలు దగ్గరకు తీసుకుంటుంటే పదకొండో ప్రశ్న దగ్గర రబ్బరు పొడి వేలికి అంటుకుంది, నల్లగా, పొట్టు పొట్టుగా. కాగితం అక్కడ కాస్త గరుకుగా లేచి ఉంది. ఏదో గుర్తు పెట్టి, చెరిపేసింది. పదకొండో ప్రశ్న. kx² + 6x + 9 = 0 అనే సమీకరణానికి ఒకే ఒక్క సాధన ఉంటే, k విలువ ఎంత? జవాబు ఒకటి. k ఒకటయితే x² + 6x + 9, అంటే x + 3 వర్గం, x అంటే మైనస్ మూడు, అదొక్కటే. చక్కటి లెక్క, ఎక్కడా మలుపు లేని లెక్క. మరి ఎందుకు గుర్తు పెట్టింది? ఎందుకు చెరిపింది? ఆ పిల్ల కిటికీ వైపు చూస్తోంది, కాగితం అంటించిన కిటికీలో ఏం కనిపిస్తుందో.

ఎందుకు చెరిపిందో ఆయనకు తెలుసు. ఈమధ్య లోకమంతా ఆయన ముందు రబ్బరు పట్టుకునే తిరుగుతోంది. స్టాఫ్ రూములో అడుగు పెడితే నవ్వులు ఆగిపోతాయి. మంగలి దుకాణంలో వరసలో ముందున్నవాళ్ళు లేచి, మీరు కానివ్వండి సార్ అంటారు, గడ్డం చేయించుకోవడానికి ఆయనకేదో తొందర ఉన్నట్టు. కూరలో ఉప్పు ఎక్కువైందని అంటే అక్క మాటకు మాట చెప్పడం మానేసి కళ్ళు తుడుచుకుంటుంది. ఆయన క్లాసులో బోర్డుమీద కూడిక తప్పు చేస్తే వెనక బెంచీవాళ్ళు కూడా ఊరుకున్నారు, అందరూ ఆ తప్పునే బుద్ధిగా దించుకున్నారు. ఎవరూ ఆవిడ ఊసెత్తరు. ఎత్తితే ఆయన తట్టుకోలేడని అందరూ కలిసి ఒకచోట కూర్చుని తేల్చుకున్నట్టు. ఇల్లంతా ఆవిడే, ఆవిడ కళ్ళజోడు పెట్టె, ఆవిడ సగం కుట్టి వదిలేసిన దిండు గలీబు, మాటల్లో మాత్రం ఎక్కడా లేదు.

మాటల్లో దాపరికం ఆవిడకు సరిపడేది కాదు. కొత్తగా ఎక్కడికి వెళ్ళినా, ఎవరు పరిచయమైనా, వాళ్ళ రెండో ప్రశ్న అదే, పిల్లలు ఎంతమంది అని. ఉన్నారా అని కాదు, ఎంతమంది అని. ఆయన నేల చూపులు చూసేవారు. ఆవిడ మాత్రం తలెత్తి, "సున్నా" అనేది. అయ్యో అని ఎదుటివాళ్ళు నాలుక కరుచుకుంటే, "అయ్యో ఎందుకండీ, లెక్క అడిగారు, చెప్పాను" అనేది. ఇంటికొచ్చాక ఒక్కోసారి పడగ్గదిలో గోడవైపు తిరిగి పడుకునేది, చాలాసేపు, ఆయన భుజంమీద చెయ్యి వేసినా కదిలేది కాదు. ఇంకోసారి ఎవరైనా అడిగితే మళ్ళీ అదే జవాబు, అదే తలెత్తడం. సున్నా జవాబే. జవాబు లేకపోవడం కాదు. ఇంత చిన్న తేడా కోసం ఆవిడ ఎంత బలం ఖర్చుపెట్టిందో ఆ గోడకు తెలుసు.

డాక్టరు ముందు కూడా అంతే. రిపోర్టులు తిరగేసి, కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుని ఆయన, "నయమయ్యే అవకాశం దాదాపు సున్నా అమ్మా" అన్నాడు. మాస్టారి చేతుల్లోంచి ఫైలు జారి కాగితాలు నేలంతా పరుచుకున్నాయి. ఆవిడ ముందుకు వంగి, "దాదాపు సున్నానా, సున్నానా డాక్టరుగారూ?" అని అడిగింది. దాదాపు అని నసిగాడాయన. "అయితే సున్నా కాదు. మాట చూసుకుని వాడండి. సున్నాకీ దాదాపు సున్నాకీ మధ్య బోలెడు చోటుంటుంది" అంది. నేలమీద కూర్చుని కాగితాలు ఏరుతున్న మాస్టారు తలెత్తి చూస్తే డాక్టరు నవ్వుతున్నాడు, నవ్వుతూనే కళ్ళు తడి చేసుకున్నాడు. ఆ బోలెడు చోటులోనే ఆవిడ ఒక ఏడాదిపైన ఉంది. కుండీల్లో మొక్కలు మార్చింది, పక్కింటి పిల్లకు భిన్నాలు నేర్పింది, అక్కతో ఫోనులో తగువు పెట్టుకుని మళ్ళీ రాజీపడింది. ఆ చోటు చూడలేకపోయింది మాస్టారే. దాదాపు సున్నా అన్న రోజే ఆయన లోలోపల సున్నా వేసేశారు. తోటలో నడుద్దామంటే వద్దు, అలసిపోతావు. సినిమాకు వెళదామంటే వద్దు, జనం. పోయిన ఏడాది పేపరు చూడటానికి పిలుపొస్తే, ఈసారి మా ఆవిడ రాదని లక్క మేడమ్‌కు తనే చెప్పేశారు, ఆవిడను అడక్కుండా. నాలుగు రోజులకు లక్క మేడమ్ పరామర్శకు ఫోను చేస్తే బయటపడింది. ఆవిడ ఫోను పెట్టేసి, దిండుకు ఆనుకుని, ఆయన వైపు తిరిగింది. అరవలేదు. "నన్ను అప్పుడే కొట్టేశారా?" అంది.

ఆ మాట ఇప్పటికీ ఎక్కడ పడితే అక్కడ వినిపిస్తుంది. పళ్ళు తోముకుంటున్నప్పుడు, తరగతిలో రెండు వైపులా పదాలు కొట్టివేయడం చెబుతూ సుద్దముక్కతో గీత గీస్తున్నప్పుడు. ఆ గీత మధ్యలో చెయ్యి ఆగిపోతుంది, పిల్లలు ఎదురు చూస్తారు. ఆవిడ ఆ మాట అన్న సాయంత్రమే ఆయన లక్క మేడమ్‌కు ఫోను చేసి, వస్తుందండీ, వస్తోంది అని చెప్పారు. వచ్చింది. నడుముకు ఒక దిండు, భుజాలమీద ఆయన స్వెటరు, పొడుగు చేతులు మడిచి. మెట్లు ఎక్కలేకపోతే లక్క మేడమూ ఆయనా చెరో పక్కా పట్టుకున్నారు. ఈ బల్ల దగ్గరే, మొద్దు పిల్లవాడి గొంతుతోనే, మధ్యమధ్య ఊపిరి అందక ఆగుతూ మొత్తం చదివింది. ఆ ఆగడం వాక్యంలో ఎక్కడ ఆగకూడదో అక్కడే పడేది, నటించాల్సిన పని లేకపోయింది. ax = b అయితే x ఎంత అన్న దగ్గర వేలు పెట్టి, అలసటగా, తృప్తిగా, సున్నా అయితే మాస్టారూ అంది. ఇంటికి వెళ్ళే దారంతా నిద్రపోయింది. నిద్రలో కూడా ముఖంమీద గెలిచిన మనిషి నవ్వు ఉంది.

కిటికీ కాగితం టపటపమంది. కొత్త టీచరు చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. పదకొండో ప్రశ్న ఆయన ఎదురుగా అలాగే ఉంది, నోరు విప్పకుండా. మళ్ళీ చదివారు. ఇంకోసారి చదివారు. కనిపించదు. అద్దంలో చూసుకుంటే వీపు కనిపించదు. సంతకం పెట్టేయొచ్చు. చూసే మనిషి బాగుందంటోంది, లక్క కరుగుతుంది, సీలు పడుతుంది, ఎక్కడో ఒక పిల్ల పరీక్ష హాలులో ఈ ప్రశ్న దగ్గర ఆగిపోతుంది, ఏదో సరిగా లేదని పెన్ను కొరుక్కుంటుంది, తనదే తప్పనుకుంటుంది. ఎవరో ఎవరినో బాధపెట్టకూడదనుకున్నందుకు.

"పదకొండు" అన్నారు మాస్టారు.

"సార్?"

"పదకొండో ప్రశ్న పక్కన ఏదో రాసి చెరిపేశావు. ఏమిటది?"

"ఏం లేదు సార్. ఊరికే."

"ఊరికే ఎవరూ చెరపరమ్మా. కాగితం చిరిగేట్టు రుద్దావు."

ఆ పిల్ల ముఖం ఎర్రబడింది. "మా హెడ్మాస్టరుగారు చెప్పారు సార్. మీకు ఈమధ్యే అలా జరిగిందనీ, మేడమ్ కూర్చునే చోట నన్ను వేశారు కాబట్టి జాగ్రత్తగా ఉండమనీ. మిమ్మల్ని ఇబ్బంది పెట్టొద్దన్నారు."

"నన్ను ఇబ్బంది పెట్టడానికేనమ్మా ఇక్కడ నీకు కుర్చీ వేసింది. ఇంకెందుకనుకున్నావు, టీ తాగడానికా?" గొంతు పెద్దదయిందని ఆయనకే తెలిసింది. "చెప్పు."

ఆమె పెన్సిలు రెండు చేతులతో పట్టుకుంది. "k సున్నా అయితే, సార్?"

ఆ మాట ఎవరి నోట విన్నా గుండె ఆగిపోతుందని ఆయన అనుకుంటూ ఉండేవారు. ఆగలేదు. ఇది ఆవిడ గొంతు కాదు. సన్నగా, చివర వణుకుతూ, వెనక్కి వెళ్ళిపోవడానికి సిద్ధంగా ఉన్న గొంతు. ముందు వచ్చింది దుఃఖం కాదు, ఒళ్ళు మండటం.

"వర్గ సమీకరణంలో k సున్నా ఎలా అవుతుంది?"

"వర్గ సమీకరణం అని మీరు రాయలేదు సార్. సమీకరణం అనే రాశారు."

"x² కళ్ళెదురుగా కనబడుతుంటే వేరే చెప్పాలా?"

"k సున్నా అయితే కనబడదు కదా సార్. అది పోయి 6x + 9 = 0 మిగులుతుంది. దానికీ సాధన ఒక్కటే. మీరడిగింది ఒకే ఒక్క సాధన ఉంటే అనే. అప్పుడు k ఒకటీ కావచ్చు, సున్నా కూడా కావచ్చు."

"పదో తరగతి పిల్లలు అంత దూరం ఆలోచించరు!"

"ఆలోచించినవాళ్ళ గతేమిటి సార్?" ఈసారి గొంతు వణకలేదు. "రెండూ రాస్తే మార్కు పోతుంది. ఒకటే రాసినవాడికి వస్తుంది. తక్కువ ఆలోచించినందుకు వస్తుంది."

మాస్టారు బల్లమీద చేత్తో చరిచారు. నీళ్ళ గ్లాసు మూత ఎగిరిపడింది. "ముప్ఫై ఏళ్ళుగా ఈ రకం లెక్క ఇస్తున్నాం, ఏ పుస్తకంలో చూసినా ఇలాగే ఉంటుంది!"

"అయితే ముప్ఫై ఏళ్ళుగా తప్పే సార్!" ఆమె కూడా లేచి నిలబడింది, లేచినట్టు తనకే తెలియకుండా.

తలుపు అవతల చెప్పుల చప్పుడు పరిగెత్తుకొచ్చి ఆగింది. "మాస్టారూ, ఏమైంది? అంతా బాగానే ఉందా?" లక్క మేడమ్.

"ఏమీ కాలేదు, పని జరుగుతోంది!" అని ఇక్కడినుంచే అరిచారాయన. అవతల ఆవిడ ముక్కు చీదుకున్న చప్పుడు, చెప్పులు మెల్లగా వెనక్కి వెళ్ళిన చప్పుడు.

ఇద్దరూ కూర్చున్నారు. మాస్టారు ఫ్లాస్కు మూత తిప్పి ఆమెకు టీ పోశారు, తనకు పోసుకోవడం మరిచిపోయారు. ఛాతీలో దడగా ఉంది, కానీ మంచి దడ, మెట్లు గబగబా ఎక్కి వచ్చినట్టు. ఎన్నాళ్ళయింది ఎవరైనా తనతో పోట్లాడి. ఎన్నాళ్ళయింది ఎవరైనా తనను ఓడించి. k సున్నా చేసి మళ్ళీ చూశారు ప్రశ్నను. ఇంతసేపూ కనిపించనిది ఇప్పుడు ఎంత పెద్దగా ఉందో, అందులో ఏనుగు పట్టేంత కన్నం. తల ఊపారు. "తప్పే."

"k సున్నా కాదు అని పక్కన చిన్నగా రాసేస్తే సరిపోతుంది సార్" అంది ఆమె మెల్లగా.

సరిపోతుంది. అందరూ చేసేది అదే. సున్నాను గుమ్మం బయట నిలబెట్టి తలుపేసుకుంటే లోపల లెక్క సాఫీగా జరిగిపోతుంది. ఆయన పెన్ను తీసుకుని, 'k విలువ ఎంత' అన్నదాన్ని కొట్టేశారు. కొట్టేసేముందు ఏం కొట్టేస్తున్నారో ఒకసారి చదువుకున్నారు. పైన రాశారు: k కు వీలైన విలువలన్నీ కనుక్కోండి. "రానివ్వమ్మా, దాన్ని కూడా లోపలికే రానివ్వు. ఒక్కోదానికి ఒక్కో మార్కు."

"అయితే జవాబుల కాగితం కూడా మార్చాలి సార్."

"మార్చు. నీ చేత్తో రాయి."

ఆమె రాస్తుంటే చూస్తూ కూర్చున్నారు. k = 0, k = 1. గుండ్రంగా, మొదలు చివర కలిసేట్టు శ్రద్ధగా చుట్టిన సున్నా. సంతకాలయ్యాయి. గడియ తీశారు. లక్క మేడమ్ కాగితాలు తీసుకుంటూ ఆయన ముఖంలోకి చూసి, ఇందాకటి తగ్గించిన గొంతు మానేసి, "గోలగోల చేశారు, ప్రెస్సు వాళ్ళు హడలిపోయారు" అంది. ఆయనకు నవ్వొచ్చింది. ఆ నవ్వుతోనే ఫోను జేబులో వేసుకుని గబగబా మెట్ల వైపు నడిచారు. కాళ్ళకు తొందర. తొందర ఎందుకో కాళ్ళకు తెలుసు, ఆయనకింకా తెలియదు. లోపల ఒక మాట తయారవుతోంది, అక్షరం అక్షరం, ఇంటికి చేరేలోపు చల్లారకూడదన్నంత వేడిగా: ఇవాళ ఒకమ్మాయి నన్ను పట్టేసింది తెలుసా, నీకు తెలియని మనిషి, బల్లమీద చరిచినా తగ్గలేదు, లేచి నిలబడింది, ముప్ఫై ఏళ్ళుగా తప్పేనంది, నీ ముప్ఫై ఏళ్ళు కూడా కలిపి. చివరి ముక్క ఎలా చెప్పాలి, చెప్పేముందు ఎంతసేపు ఆగాలి, ఆగితే ఆవిడ కుట్టుపని ఒళ్ళో పెట్టి కళ్ళజోడు పైనుంచి చూస్తుంది, అప్పుడు చెప్పాలి. మొదటి మలుపు దాకా అలా దిగారు. మలుపులో చెయ్యి కడ్డీ మీద ఆగింది. మాట పూర్తిగా తయారై ఉంది. చెప్పడానికి లోకంలో ఎక్కడా మనిషి లేదు.

ఇన్నాళ్ళూ ఆవిడ లేకపోవడం అంటే మంచం, వంటిల్లు, జ్వరం వస్తే నుదుటిమీద చెయ్యి అనుకున్నారు. ఇది ఎవరూ చెప్పలేదు. సంతోషం మోసుకుని దిగుతుంటే మెట్ల మధ్య ఇలా దొరుకుతుందని ఎవరూ చెప్పలేదు. కింద వీధిలో బండ్లు పోతున్నాయి, ఎవరో ఎవరినో పేరు పెట్టి పిలుస్తున్నారు.

"సార్, కళ్ళు తిరుగుతున్నాయా?" కొత్త టీచరు వెనకనుంచి రెండు మెట్లు దాటుకుంటూ దిగి పక్కన నిలబడింది. ఆయన లేదని తల ఊపారు. ఆమె వెళ్ళిపోలేదు. సంచి భుజం మార్చుకుని, అడగనా వద్దా అన్నట్టు నిలబడి, చివరకు అడిగేసింది. "మేడమ్ ఉండి ఉంటే ఇవాళ ఏమనేవారు సార్, పదకొండో ప్రశ్న గురించి వింటే?"

ఆవిడ గురించి ఎవరో ఒకరు నేరుగా అడిగారు. ఆయన జవాబు చెప్పడానికి నోరు తెరిచారు. నవ్వేదని చెప్పబోయారు. తనే ముందు పట్టుకోవలసిందని ఉడుక్కునేదా? ఈ అమ్మాయితో చెయ్యి కలపడానికి మళ్ళీ ఇంత దూరమూ నడిచొచ్చేదా? ఆ లెక్కలో ఇంకో సున్నా ఉందని వేలు పెట్టి చూపించేదా? వెతికారు. ఇన్నేళ్ళ కాపురంలో ఆవిడ అన్న ప్రతి మాటా ఆయనకు గుర్తుంది, తీసి చూస్తే అన్నీ అనేసిన మాటలే. అనబోయేది ఒక్కటీ లేదు.

"తెలీదమ్మా" అన్నారు. అక్కడే మెట్టుమీద కూర్చున్నారు. "ఆవిడ ఏమంటుందో నాకెప్పుడూ ముందుగా తెలిసేది కాదు."

అప్పుడు వచ్చింది ఏడుపు, ఇన్నాళ్ళూ రానిది, చప్పుడుతో, చిన్నపిల్లల ఏడుపు. పైనుంచి దిగేవాళ్ళు పక్కకు తప్పుకుని దిగిపోతున్నారు. కొత్త టీచరు ఊరుకోండి సార్ అనలేదు. సంచి కింద పెట్టి, ఆయన పక్కన మెట్టుమీద కూర్చుంది.